పిల్లల పేర ప్రకటనలు: చట్టము, జాగ్రత్త

పసిపిల్లలకు ప్రకటనకును, సమాచారమునకును గల భేదము తెలియదు. చూచునది వినోదమో, వర్తకుని బేరమో వివేచించు శక్తి వారికి క్రమముగా మాత్రమే అలవడును. బిడ్డ జబ్బుపడినపుడు కంగారులోనున్న తల్లియు పొట్లముమీది పేరునే నమ్మును. కావుననే ఇట్టి ప్రకటనలకు చట్టము హద్దులు విధించినది.

ఓ.ఆర్.ఎస్. పేరిట జరిగినదేమి?

విరేచనములు పట్టుకొన్న బిడ్డ శరీరమునుండి నీరును, లవణములును వేగముగా పోవును. వానిని తిరిగి చేర్చుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ద్రావణమే ఓ.ఆర్.ఎస్. దానిలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉండును. గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకొని పేగు గోడగుండా లోనికి పోవును. వాని వెంట నీరు పోవును. చక్కెర మితిమీరినచో నీరు పేగులోనికే లాగబడి విరేచనములు హెచ్చును.

అయినను ఈ మూడక్షరములను పేరులో చేర్చుకొనిన తీపి పానీయములు మందుల దుకాణములలో అమ్ముడుపోయినవి. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏండ్ల తరబడి పోరాడి, తెలంగాణ ఉన్నత న్యాయస్థానమున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసిరి. భారత ఆహార భద్రతా ప్రమాణముల ప్రాధికార సంస్థ 2022లో మొదట ఇట్టి పేర్లను నిషేధించి, పిదప పొట్లముపై ఒక హెచ్చరికను ముద్రింపవలెనను షరతుతో అనుమతించినది. కాని చిన్న అక్షరముల హెచ్చరిక పెద్ద అక్షరముల పేరును జయింపజాలదు. తుదకు 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని రద్దుచేసినది.

చట్టము చెప్పునది

1. రెండేండ్లలోపు బిడ్డల డబ్బాపాలు, శిశు ఆహారము, పాలసీసాలను ప్రకటించుట 1992 నాటి చట్టము, దాని 2003 సవరణ ప్రకారము నిషిద్ధము.

2. 2022 నాటి మార్గదర్శకముల ప్రకారము, వస్తువును కొననిచో తోటివారు హేళన చేయుదురని పిల్లలకు సూచింపరాదు. కొనిపెట్టుడని తల్లిదండ్రులను వేధింపుమని పురికొల్పరాదు. చిప్సు, గ్యాసు పానీయములను పిల్లల కార్యక్రమముల నడుమ ప్రకటింపరాదు.

3. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల తినుబండారములను బడి ద్వారమునుండి 50 మీటర్లలోపల అమ్మరాదు, ప్రకటింపరాదు.

4. తప్పుదారి పట్టించు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా కలదు.

తల్లిదండ్రులు చేయవలసినది

ఈ చట్టములు నగరములకు మాత్రమే పరిమితములు కావు. బిలాస్‌పూర్–కట్నీ రైలుమార్గముననున్న కర్గీ రోడ్ వంటి చిన్న స్టేషను ఊరికిని ఇవియే వర్తించును. పెద్ద ఆసుపత్రి దూరమైన చోట దుకాణపు అరమీది పొట్లమే బిడ్డకు తొలి చికిత్స యగును. అట్టిచోట పేరులోని మోసము ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. రైల్వే కొలువులకై ఆ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములును ఈ విషయమును గమనింపవలెను.

పొట్లము కొనునపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము చేయబడినట్లు వ్రాసియున్నదేమో చూడవలెను. దానిపై చెప్పిన కొలత ప్రకారము శుభ్రమైన నీటిలో కలిపి, 24 గంటలలోపల వాడవలెను. తల్లిపాలు మాన్పరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకపోయినను, మలములో నెత్తురు కనబడినను వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను.

మోసపు ప్రకటన కంటబడినచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు తెలుపవలెను. ఒకరు చేసిన ఫిర్యాదు పలువురి బిడ్డలకు రక్ష యగును.