చైత్ర శుద్ధ నవమి: తిథి ఒక్కటే, చరిత్రలు అనేకం



శ్రీరామనవమి అనగానే చలువ పందిళ్ళు, పానకం, వడపప్పు, సీతారామ కల్యాణం మన మనస్సులో మెదలుతాయి. కాని చైత్ర శుద్ధ నవమి రామాయణ కాలానికే పరిమితమైన దినం కాదు. గడచిన నాలుగైదు శతాబ్దాలలో, సంవత్సరాలతో సహా గ్రంథస్థమైన అనేక సంఘటనలు ఈ తిథినాడే జరిగినవి. ఇన్ని మహత్కార్యాలు ఒకే దినాన సంభవించటం కాకతాళీయమా, లేక దైవసంకల్పమా అని భక్తులు అడుగుతూ ఉంటారు. ఈ ప్రశ్ననే ఇక్కడ విచారించదలచినాము.

తిథి స్వరూపం

ముందుగా తిథి అంటే ఏమిటో తెలుసుకొందాము. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు భాగలు పెరిగినప్పుడల్లా ఒక తిథి పూర్తి అవుతుంది. ఇట్టి తిథులు ముప్పది కలిస్తే ఒక చాంద్రమాసం. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 దినాలు. సౌర సంవత్సరానికి 365 దినాలు. ఈ పదకొండు దినాల లోటును సరిచేయటానికే సుమారు ముప్పది రెండు, ముప్పది మూడు నెలలకు ఒకమారు అధికమాసం వస్తుంది.

అందువలననే శ్రీరామనవమి ఇంగ్లీషు తేదీ ఏటేటా మారుతుంది. 2023లో మార్చి 30న వచ్చిన పండుగ, ఆ ఏడు అధిక శ్రావణం రావటం చేత, మరుసటి సంవత్సరం 384 దినాల తరువాత ఏప్రిల్ 17న వచ్చినది. అటుపై 354 దినాలకే, 2025 ఏప్రిల్ 6న, మరల నవమి వచ్చినది. తేదీ మారినా తిథి మారలేదు. స్వామి మధ్యాహ్న వేళ అవతరించినాడు కనుక, నవమి మధ్యాహ్నానికి ఉన్న దినాన్నే పండుగగా గ్రహించాలని ధర్మశాస్త్ర నిర్ణయం.

బాలకాండలో వాల్మీకి మహర్షి చైత్ర మాసాన్ని, నవమి తిథిని, అదితి దేవతగా గల పునర్వసు నక్షత్రాన్ని, కర్కాటక లగ్నాన్ని, ఉచ్చస్థానాలలో నున్న ఐదు గ్రహాలను పేర్కొన్నాడు. తిథి ఏటా తప్పక వస్తుంది. పునర్వసు మాత్రం ప్రతి ఏడూ దానితో కలవదు. అయినను మనం పండుగను మానము. సంపూర్ణమైన యోగం కొరకు వేచియుండక, లభించిన దినాన్నే సార్థకం చేసికొనవలెనని ఇందులోని బోధ.

అయాచితంగా లభించిన దినం

మహారాష్ట్ర దేశంలో జాంబ్ అనే గ్రామంలో, శాలివాహన శకం 1530లో, అనగా క్రీ.శ. 1608లో, ఈ నవమినాడే నారాయణుడనే బాలుడు జన్మించినాడు. ఆయనే సమర్థ రామదాస స్వామి. ఊరూరా మారుతి ఆలయాలను నెలకొల్పి, దాసబోధ రచించి, భక్తికి బలాన్ని జోడించిన మహనీయుడు. 1682లో మాఘ బహుళ నవమినాడు సజ్జనగడ్ కోటలో సిద్ధి పొందినారు. ఆ దినాన్ని దాస నవమి అంటారు. ఆయన జీవితానికి ఆద్యంతాలు రెండూ నవములే.

అయోధ్యకు చేరువలోని ఛపైయా గ్రామంలో 1781లో ఇదే తిథినాటి రాత్రి ఘనశ్యాముడు జన్మించినాడు. పిన్న వయస్సుననే ఇల్లు విడిచి, దేశమంతా సంచరించి, గుజరాత్ చేరి, స్వామినారాయణ సంప్రదాయాన్ని స్థాపించినారు. ఆ సంప్రదాయం వారు నవమినాడు పగలు శ్రీరామ జయంతిని, రాత్రి తమ స్వామి జయంతిని జరుపుకొంటారు.

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. చాంద్ర సంవత్సరంలో ఉన్నవి సుమారు 354 దినాలే. అందులో ఒక దినం చైత్ర శుద్ధ నవమి. ఆ దినాన ప్రతి ఏడూ వేలాది శిశువులు జన్మిస్తూనే ఉన్నారు. వారందరూ సమర్థ రామదాసులు కాలేదు. కనుక తిథి మహిమ చేతనే వారు మహాత్ములైనారనటం చాలదు. అయాచితంగా లభించిన దినానికి తగినట్లు జీవించటం వారి సాధన.

కోరి ఎన్నుకొన్న దినం

జననం మన చేతిలో లేదు. ఆరంభం మన చేతిలో ఉన్నది. గోస్వామి తులసీదాసు విక్రమ సంవత్సరం 1631లో, అనగా క్రీ.శ. 1574లో, అయోధ్యలో చైత్ర శుద్ధ నవమి మంగళవారంనాడు రామచరితమానస రచనకు ఉపక్రమించినాడు. ఈ వివరాన్ని కవి తన కావ్యంలోనే పొందుపరచినాడు. ఇది యాదృచ్ఛికం కాదు. స్వామి అవతరించిన ఊరిని, స్వామి అవతరించిన తిథిని కోరి ఎన్నుకొని, ప్రజల భాషలో రామకథను ఆరంభించినాడు. ఉత్తర భారతంలో నేటికిని ఇంటింటా పారాయణ జరిగే గ్రంథం ఆ సంకల్పం నుండి పుట్టినదే.

మన భద్రాచలం మాట తీసికొందాము. నవమి స్వామి పుట్టినరోజు గదా, ఆనాడు పెండ్లి ఏమిటని పిల్లలు అడుగుతారు. సీతారాముల వివాహం ఉత్తరఫల్గునీ నక్షత్రంలో జరిగినదని వాల్మీకి రామాయణం చెప్పుచున్నది. ఉత్తరాదిన మార్గశిర శుద్ధ పంచమినాడు వివాహోత్సవం చేస్తారు. ఒంటిమిట్టలో చతుర్దశి రాత్రి వెన్నెలలో కల్యాణం జరుగుతుంది. భద్రాద్రిలో మాత్రం నవమి మధ్యాహ్నం అభిజిల్లగ్నమే ముహూర్తం. అవతారం లోకకల్యాణం కొరకే కనుక, అవతరించిన దినాననే కల్యాణం జరిపించుట యుక్తమని పెద్దలు చెప్పే సమన్వయం.

ఆ ఆలయాన్ని నిర్మించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ము వెచ్చించినాడనే నేరానికి గోల్కొండలో పన్నెండేండ్లు చెరసాల అనుభవించినాడని ప్రసిద్ధి. 1672 నుండి 1687 వరకు పాలించిన తానీషా పేరుతో ముడివడిన ముత్యాల తలంబ్రాల ఆచారాన్ని ప్రభుత్వాలు నేటికీ పాటిస్తున్నవి. స్వామి కల్యాణానికి ముస్లిం ప్రభువు పేర తలంబ్రాలు రావటం మన తెలుగునాట నవమికి అబ్బిన శోభ.

షిరిడీలోనూ ఇట్టిదే జరిగినది. 1897లో శ్రీసాయిబాబా అనుమతితో శ్రీరామనవమినాడు ఉరుసు ఆరంభమైనది. 1912 నుండి అదే దినాన రామజన్మోత్సవం కూడ జరుగుతున్నది. చందనోత్సవం, రామజననం ఒకే దినాన, ఒకే ప్రాంగణంలో జరిగినవి.

దినానికి ఎదురైన పరీక్షలు

పుణ్యతిథినాడు జరిగినదంతా పుణ్యమే అవుతుందా? చరిత్ర రెండు విధాలా సాక్ష్యం చెప్పుచున్నది.

1919 ఏప్రిల్ 9 శ్రీరామనవమి. ఆనాడు అమృతసర్ నగరంలో జరిగిన ఊరేగింపులో హిందువులతోపాటు ముస్లిములు వేలాదిగా పాల్గొన్నారు. ఒకరి పాత్రలోని నీరు మరొకరు త్రాగినారు. ఈ ఐకమత్యం పాలకులకు కంటగింపైనది. మరునాడే నాయకులైన డాక్టర్ సత్యపాల్, డాక్టర్ కిచ్లూలను నగరం నుండి తరలించివేసినారు. ఏప్రిల్ 13, వైశాఖీ పర్వదినాన జలియన్‌వాలాబాగ్‌లో ఘోర హత్యాకాండ జరిగినది. వైశాఖీ సౌరమాన పర్వం. ఆ తేదీ అంతగా చలించదు కనుక ఆ దుఃఖం ఏటా మనకు జ్ఞప్తికి వస్తుంది. నాలుగు దినాల ముందరి ఆ నవమి సౌభ్రాత్రాన్ని మాత్రం తలచుకొనేవారు తక్కువ.

ఇక రెండవది. నాసిక్‌లోని కాలారామ మందిరంలో తమకు ప్రవేశం కావలెనని డాక్టర్ అంబేద్కర్ నాయకత్వాన 1930 మార్చి 2న సత్యాగ్రహం ఆరంభమైనది. ఆ ఏటి శ్రీరామనవమి ఉత్సవాలలో అందరూ కలసి రథం లాగవలెనని ఒప్పందం కుదిరినా అది నిలువలేదు. తోటి భక్తులపై రాళ్ళు పడినవి. గుహుని కౌగిలించుకొని, శబరి చేతి ఫలాలు ఆరగించిన స్వామి రథం ముందు ఇది జరిగినది. తిథి నవమియే, స్వామి రాముడే. జనుల హృదయాలలోనే లోపమున్నది. ఈ సంగతి విస్మరించి నవమి మహిమను మాత్రమే కీర్తిస్తే మనం సగం సత్యమే చెప్పినవారమవుతాము.

మన కర్తవ్యం

ఇంతవరకు విచారించిన దానిని బట్టి, కాకతాళీయమా, దైవసంకల్పమా అనే ప్రశ్నకు మేము చెప్పదగిన సమాధానం ఇది. దినాన్ని ఇచ్చేవాడు భగవంతుడు. ఆ దినాన చేయవలసిన పని నరునిది. తులసీదాసు ఆ దినాన కలం పట్టినాడు. అమృతసర్ ప్రజలు చేయి చేయి కలిపినారు. కొందరు రాళ్ళు పట్టినారు. తిథి అందరికీ ఒక్కటే.

కాబట్టి వచ్చే నవమినాడు కల్యాణం తిలకించి, తీర్థప్రసాదాలు స్వీకరించి ఊరుకొనక, ప్రతి కుటుంబం ఒక ఆరంభాన్ని సంకల్పించాలని మా ప్రార్థన. రోజుకొక సర్గ చొప్పున రామాయణ పఠనం కావచ్చు. మాటలు లేని సోదరునితో మాట కలపటం కావచ్చు. ఇంతకాలం దూరంగా ఉంచినవారిని పందిరిలోకి పిలిచి, మన ప్రక్కనే కూర్చుండబెట్టి పానకం అందించటం కావచ్చు. ఆ సంకల్పాన్ని పంచాంగంలో నవమి ఎదుట వ్రాసికొని, మరుసటి ఏడు అదే తిథినాడు ఎంతవరకు నెరవేరినదో చూచుకొనండి.

సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.