టీవీలో ‘ఫ్రీ’ చానళ్ల పోటీ: కేబుల్ వైరు పీకేసే ముందు ఇవి తెలుసుకోండి

కేబుల్ ఉంచాలా, తీసేయాలా? కొత్తగా స్మార్ట్ టీవీ కొన్న చాలా ఇళ్లలో ఇప్పుడు ఇదే చర్చ. టీవీ ఆన్ చేయగానే ఒక్క రూపాయి కట్టకుండానే బోలెడు చానళ్లు కనిపిస్తున్నాయి. ఫోన్ రీచార్జ్ చేస్తే జియో టీవీ వస్తోంది. ఇంటికి ఫైబర్ పెట్టించుకుంటే ఇంకో టీవీ యాప్ ఇస్తున్నారు. దూరదర్శన్ వాళ్లది వేవ్స్ ఉంది. ఇవేవీ లేకపోయినా యూట్యూబ్ ఎలాగూ ఉంది. అన్నీ ఫ్రీనే అంటున్నారు. మరి దేంట్లో ఏం వస్తుంది? ఏది నిజంగా ఫ్రీ, ఏది కండిషన్లతో ఫ్రీ? ఇంతకీ వీళ్లంతా మనకు ఊరికే చూపించడానికి ఎందుకు పోటీ పడుతున్నారు?

ఫ్రీ టీవీ కొత్తదేం కాదు

నెట్‌తో సంబంధం లేని ఫ్రీ టీవీ మన దేశంలో 20 ఏళ్ల కిందటే వచ్చింది. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలై, తర్వాత డీడీ ఫ్రీ డిష్ అయింది. డిష్, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా బిల్లు ఉండదు. ఉత్తరాదిన కోట్ల ఇళ్లలో అదే టీవీ. తెలుగు ఇళ్లలో మాత్రం దానికి అంత ఆదరణ రాలేదు. కారణం సింపుల్. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి కానీ, ప్రైవేట్ చానళ్లలో ఎక్కువ హిందీవే. సీరియళ్లు, సినిమాలు కావాలంటే మళ్లీ కేబుల్‌వాలా దగ్గరికే వెళ్లాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఫ్రీ డిష్‌లో చోటు కోసం ప్రసార భారతి వేలం పెడుతుంది. చానల్ డబ్బు కట్టి ఆ చోటు కొనుక్కుంటుంది, ప్రకటనల ద్వారా దాన్ని రాబట్టుకుంటుంది. అంటే చూసేవాళ్లు కట్టకపోయినా, వాళ్ల తరఫున ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఇప్పుడు నెట్‌లో నడుస్తున్న ఫ్రీ టీవీ వ్యవహారం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కాకపోతే అక్కడ లెక్కలు బయటికి అంతగా కనిపించవు.

టీవీలోనే వచ్చే చానళ్లు ఏంటి?

స్మార్ట్ టీవీ కొన్నవాళ్లకు ముందు కనిపించేవి వీటినే. శాంసంగ్ టీవీ ప్లస్ 2021 మార్చిలో ఇండియాకు వచ్చింది. ఎల్‌జీ టీవీల్లో ఎల్‌జీ చానల్స్ అని ఉంటుంది. షావోమీ లాంటి కంపెనీలూ ఇదే బాట పట్టాయి. వీటిని ఫాస్ట్ చానళ్లు అంటున్నారు. ప్రకటనలతో నడిచే ఉచిత స్ట్రీమింగ్ టీవీ అని అర్థం. లాగిన్ అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు. వైఫై ఉంటే చాలు, రిమోట్‌తో చానల్ మార్చినట్టే మార్చుకోవచ్చు.

మరి అందులో స్టార్ మా ఎందుకు రాదు? జీ తెలుగు, జెమిని, ఈటీవీ ఎందుకు కనిపించవు? చాలామందికి వచ్చే అనుమానం ఇదే. ఇవి పే చానళ్లు. కేబుల్, డీటీహెచ్ వాళ్లకు వీటిని నెలకు ఇంత అని రేటు పెట్టి అమ్ముతారు. అదే చానల్‌ను పక్క తలుపులోంచి ఉచితంగా ఇస్తే కేబుల్ ఆపరేటర్లు ఊరుకోరు. నిజంగానే ఊరుకోలేదు కూడా. 2023లో క్రికెట్ వరల్డ్ కప్‌ను మొబైల్‌లో ఫ్రీగా చూపిస్తామని స్టార్ ప్రకటించినప్పుడు కేబుల్ కంపెనీల సమాఖ్య టెలికం ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లింది. టీవీలో డబ్బు తీసుకుని ఫోన్‌లో ఫ్రీగా ఇవ్వడం కుదరదన్నది వాళ్ల వాదన. ఓటీటీ అనేది టీవీ చానల్ కాదంటూ ట్రిబ్యునల్ అప్పట్లో మధ్యంతరంగా తేల్చింది.

న్యూస్ చానళ్ల సంగతి వేరు. చాలావరకు అవి ఫ్రీ టు ఎయిర్, వాటి ఆదాయం ప్రకటనల మీదే. ఎంత ఎక్కువ మంది చూస్తే అంత లాభం. అందుకే ఫాస్ట్ చానళ్లలో, యూట్యూబ్ లైవ్‌లో, వేవ్స్‌లో.. ఎక్కడ చూసినా న్యూస్ దండిగా ఉంటుంది. దాంతోపాటు పాత సినిమాలు, వంటలు, పాటలు, భక్తి. కొత్త సీరియల్, లైవ్ క్రికెట్ మాత్రం ఉండవు. కేబుల్ తీసేశాక ఇంట్లో గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే!

మిస్సయిన ఎపిసోడ్ మళ్లీ చూడాలంటే?

నెట్ టీవీకి అసలు బలం క్యాచప్. రాత్రి తొమ్మిదికి వచ్చిన కార్యక్రమాన్ని మర్నాడు పొద్దున మీకు వీలైనప్పుడు చూడటం. జియో టీవీ యాప్ ఈ సంగతిని చాలామందికి అలవాటు చేసింది. చాలా చానళ్లలో వారం రోజులు వెనక్కి వెళ్లి అయిపోయిన ప్రోగ్రామ్ చూసే వీలుంది. జియో నంబర్ ఉంటే ఫోన్‌లో ఇది ఫ్రీ. పెద్ద టీవీలో చూడాలంటే జియో టీవీ ప్లస్ యాప్ ఉంది కానీ, దానికి ఇంట్లో జియో ఫైబర్ లేదా ఎయిర్ ఫైబర్ కనెక్షన్ ఉండాలి. అంటే చానళ్లు ఫ్రీ, తలుపు తాళం మాత్రం వాళ్ల దగ్గర.

బీఎస్‌ఎన్‌ఎల్ కూడా రంగంలోకి దిగింది. 2024 అక్టోబర్‌లో కొత్త లోగోతో పాటు ఫైబర్ కస్టమర్లకు 500కు పైగా లైవ్ చానళ్లు ఇస్తామని ప్రకటించింది. ఇందులో నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. టీవీ చూసినందుకు మీ ప్యాక్‌లోని డేటా తగ్గదు. ఎందుకంటే ఆ సిగ్నల్ బయటి ఇంటర్నెట్ నుంచి కాకుండా వాళ్ల సొంత నెట్‌వర్క్‌లోనే తిరుగుతుంది. నెట్, టీవీ ఒకే వైరులో ఇవ్వడం ఏపీ వాళ్లకు మరీ కొత్త కాదు. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ రూ.149కే నెట్, టీవీ, ఫోన్ అంటూ వచ్చింది గుర్తుందా?

సీరియళ్ల క్యాచప్ మాత్రం ఎవరి దుకాణం వాళ్లదే. స్టార్ మా ప్రోగ్రామ్‌లు జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. ఇక్కడ డబ్బు కట్టినవాళ్లకు ఒకలా, కట్టనివాళ్లకు మరోలా ఉంటుంది. కొన్ని సీరియళ్లలో అయితే సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకు టీవీలో రాకముందే ఎపిసోడ్ వచ్చేస్తుంది. ఫ్రీగా చూసేవాళ్లు ఆగాల్సిందే, లేదంటే యూట్యూబ్‌లో పెట్టే ముక్కలతో సరిపెట్టుకోవాల్సిందే.

దూరదర్శన్ వేవ్స్ లెక్క వేరు. 2024 నవంబర్ 20న గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌లో దీన్ని ప్రారంభించారు. మొదలైనప్పుడు 65 లైవ్ చానళ్లు, తెలుగుతో కలిపి 12కు పైగా భాషలు అని చెప్పారు. రామాయణం, మహాభారత్ లాంటి పాత సీరియళ్లు ఇందులో ఉన్నాయి. ఏ కంపెనీ సిమ్ ఉన్నా, ఏ ఫైబర్ ఉన్నా చూడొచ్చు. కండిషన్లు తక్కువ ఉన్నది ఇందులోనే. కానీ మన టీవీల్లో హోమ్ స్క్రీన్ మీద ముందు వరుసలో ఇది ఎంతమందికి కనిపిస్తోంది?

అసలు పోటీ హోమ్ స్క్రీన్ కోసమే

ఒకప్పుడు చానల్‌కు ఏ నంబర్ దొరికిందన్నదే పెద్ద విషయం. మంచి నంబర్ కోసం, బాక్స్ ఆన్ చేయగానే కనిపించే ల్యాండింగ్ పేజీ కోసం చానళ్లు ఆపరేటర్లకు డబ్బు కట్టేవి, ఇప్పటికీ కడుతున్నాయి. స్మార్ట్ టీవీ వచ్చాక ఆ కిటికీ హోమ్ స్క్రీన్‌కి మారింది. మొదటి వరుసలో ఏ యాప్ ఉండాలి, రిమోట్ మీద ఎవరి పేరుతో బటన్ ఉండాలి, సెర్చ్ చేస్తే ముందు ఎవరిది రావాలి.. ఇవి తేల్చేది టీవీ కంపెనీ, ఆ టీవీలోని సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లు.

ఈ పట్టు ఎంత గట్టిదంటే కాంపిటిషన్ కమిషన్ దాకా వెళ్లింది. ఆండ్రాయిడ్ టీవీల విషయంలో గూగుల్ షరతులు పోటీని దెబ్బతీస్తున్నాయన్న ఫిర్యాదు మీద 2025 ఏప్రిల్‌లో సెటిల్‌మెంట్ జరిగింది. గూగుల్ రూ.20.24 కోట్లు కట్టడంతో పాటు, మొత్తం ప్యాకేజీ తీసుకోకుండానే ప్లే స్టోర్‌ను విడిగా లైసెన్స్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే ఏడాది జియో కూడా టీవీల కోసం జియో టెలి ఓఎస్ అంటూ సొంత సాఫ్ట్‌వేర్ తెచ్చింది. చానళ్లు, యాప్, నెట్, చివరికి టీవీ సాఫ్ట్‌వేర్ కూడా ఒకరివే అయితే? చూసేవాళ్లకు సులువే, కాదనలేం. కానీ రేపు ఆ ‘ఫ్రీ’ ఆగిపోతే వేరే దారి వెతుక్కోవడం అంత సులువు కాదు.

ఆగిపోవడం ఊహేమీ కాదు, కళ్లముందు జరిగిందే. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్, 2023 ఐపీఎల్ జియో సినిమాలో పూర్తిగా ఫ్రీ. జనం కేబుల్ వదిలి ఫోన్లు పట్టుకున్నారు. 2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. ఆ సీజన్ ఐపీఎల్‌కు సబ్‌స్క్రిప్షనో, రూ.299 అంతకుమించిన రీచార్జో కావాల్సి వచ్చింది. రెండేళ్లలోనే కథ మారిపోయింది.

బ్రిటన్‌లో ఏం చేశారు?

ఈ చిక్కును బ్రిటన్ ఎప్పటినుంచో ఎదుర్కొంటోంది. అక్కడ బీబీసీ ఐప్లేయర్ 2007 క్రిస్మస్ రోజున వచ్చింది. తర్వాత బీబీసీ, ఐటీవీ, చానల్ 4 కలిసి ఒకే వీడియో సర్వీసు పెడదామనుకుంటే, పోటీ దెబ్బతింటుందని 2009లో అక్కడి కాంపిటిషన్ కమిషన్ అడ్డుకుంది. 2012లో యూవ్యూ బాక్స్ వచ్చింది. గైడ్‌లో వెనక్కి జరిపితే వారం కిందటి ప్రోగ్రామ్ కూడా కనిపించేది. 2015లో దానికి పోటీగా ఫ్రీవ్యూ ప్లే వచ్చింది. విచిత్రం ఏంటంటే రెండిటి వెనకా ఉన్నది దాదాపు అవే చానళ్లు! చివరికి 2024 ఏప్రిల్‌లో బీబీసీ, ఐటీవీ, చానల్ 4, చానల్ 5 కలిసి ఫ్రీలీ తెచ్చాయి. యాంటెన్నా లేకుండా వైఫైతోనే లైవ్ చానళ్లు, క్యాచప్ ఒకే గైడ్‌లో వస్తాయి. మన దగ్గర నాలుగు పెద్ద తెలుగు చానళ్లు ఒకే యాప్‌లో కూర్చుంటాయని ఊహించగలరా?

చదువుకో, ఉద్యోగానికో లండన్ వెళ్లిన మన పిల్లలకు ఒక మాట. అక్కడ ఇవన్నీ ఫ్రీ అన్నా టీవీ లైసెన్స్ ఫీజు వేరే ఉంది. ఫోన్‌లో చూసినా, విదేశీ చానల్ అయినా, టీవీ ప్రసారాన్ని లైవ్‌గా చూస్తే లైసెన్స్ ఉండాల్సిందే. తెలుగు న్యూస్ చానల్ లైవ్ కూడా అందులోకే వస్తుంది.

మరి మన జేబు సంగతి?

హెచ్‌డీలో గంట చూస్తే సుమారు 2 నుంచి 3 జీబీ డేటా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి టీవీ నడిపిస్తే ఒక సినిమా కూడా పూర్తి కాదు. ఇంట్లో అన్‌లిమిటెడ్ ఫైబర్ ఉంటేనే నెట్ టీవీ లెక్క కుదురుతుంది. ఫైబర్ లేని ఊళ్లో, కరెంటుతో పాటు సిగ్నల్ కూడా పోయే చోట కేబులో డిష్షో ఉంచుకోవడమే మంచిది. లైవ్ కూడా అసలు ప్రసారం కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. మీ టీవీలో బౌలర్ రనప్‌లో ఉండగానే పక్కింట్లో సిక్సర్ కేకలు వినిపిస్తాయి.

డబ్బు కాకుండా ఇంకో ఖర్చు ఉంది. చాలా స్మార్ట్ టీవీల్లో తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టే టెక్నాలజీ ఉంటుంది. దాన్ని ఏసీఆర్ అంటారు. మీరు ఏం చూస్తున్నారో లెక్కగట్టి, దాన్నిబట్టి ప్రకటనలు వేస్తారు. చెప్పకుండా ఇలా డేటా సేకరించినందుకు అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 2017లో 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. కొత్త టీవీ ఆన్ చేసినప్పుడు వరసగా వచ్చే షరతులకు మనం ‘ఓకే’ నొక్కుకుంటూ పోతాం కదా, ఈ అనుమతి సాధారణంగా వాటిలోనే ఉంటుంది.

తర్వాత కూడా దీన్ని ఆపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలోకి వెళ్లండి. శాంసంగ్‌లో అయితే ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో అయితే ‘లైవ్ ప్లస్’ అనే పేరుతో ఉంటుంది. మోడల్‌ని బట్టి ఒకటి రెండు మెనూలు అటూ ఇటూ వెతకాలి. ఆఫ్ చేసినా యూట్యూబ్, మిగతా యాప్‌లు మామూలుగానే పనిచేస్తాయి.