సమయంతో పందెం: కోనసీమ మజిలీగా సాగే ప్రాణుల ప్రయాణాలు

ఉద్దేశాలు

ఈ పాఠభాగం చదివిన తరువాత మీరు:
• వలస అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• వలస ప్రయాణం కాలంతో పందెంగా ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
• పక్షి, చేప, తాబేలు ప్రయాణాల్లోని ప్రమాదాలను పోల్చగలుగుతారు.
• ఈ ప్రయాణాల్లో కోనసీమ తీరానికి ఉన్న స్థానాన్ని గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

గోదావరికి ఎర్రనీరు రాగానే కోనసీమ రేవుల్లో పులస మాట మొదలవుతుంది. చలికాలంలో నదీ మొగల దగ్గరి బురద మేటలపై చిన్న చిన్న పిట్టలు గుంపులుగా దిగుతాయి. సంక్రాంతి వెళ్ళాక అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక తీరాలకు రాత్రివేళ సముద్రపు తాబేళ్ళు వస్తాయి. ఈ మూడింటినీ మనం వేరువేరు వార్తలుగా వింటాం. జీవశాస్త్రం దృష్టిలో మాత్రం ఇవి ఒకే అధ్యాయానికి చెందినవి. ఆ అధ్యాయం పేరు వలస.

ఒక ప్రాణి మేత కోసం అటూ ఇటూ తిరగడం వలస కాదు. నిర్ణీత కాలంలో, నిర్ణీత దారిలో, ఒక ఆవాసం నుంచి మరొక ఆవాసానికి వెళ్ళి తిరిగి రావడమే వలస. కొన్ని జాతుల్లో తిరుగు ప్రయాణాన్ని తరువాతి తరం పూర్తి చేస్తుంది. ప్రతి వలసకూ ఒక గడువు ఉంటుంది. ముందుగా చేరితే మేత దొరకదు, ఆలస్యమైతే పిల్లలు బతకవు. అందుకే దీన్ని పందెం అంటున్నాం. ఈ పందెంలో ప్రత్యర్థి మరో ప్రాణి కాదు, కాలమే.

2. ఆకాశ మార్గం: తీరపు పిట్టలు

మన తీరంలో ఉల్లంకి పిట్టలుగా పిలిచే గుంపులో పలు జాతులు సైబీరియా ఉత్తర ప్రాంతాల్లో గుడ్లు పెడతాయి. అక్కడ వేసవి సుమారు రెండు నెలలే. మంచు కరిగి పురుగులు పుట్టే రోజులకు సరిగ్గా పిల్లలు గుడ్డు నుంచి బయటికి రావాలి. ఆ గడువును అందుకోవడానికి అవి వేల కిలోమీటర్లు ఎగురుతాయి. మధ్య ఆసియా గగన మార్గం అని పిలిచే ఈ దారి 30 దేశాల మీదుగా సాగుతుంది. భారతదేశం అందులో ప్రధానమైన శీతకాలపు విడిది.

ఇంత దూరం ఎగరడానికి ఇంధనం కొవ్వు. ప్రయాణానికి ముందు కొన్ని జాతులు తమ బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. గాలిలో ఉన్నప్పుడు పనికిరాని జీర్ణావయవాలను కుదించుకుని బరువు తగ్గించుకుంటాయి. 2022 అక్టోబరులో ఒక గాడ్విట్ పిట్ట అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా వరకు సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఎగిరినట్లు ఉపగ్రహ పరికరం ద్వారా తెలిసింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలే.

అన్ని పిట్టలూ ఇలా ఆగకుండా ఎగరవు. చాలా జాతులకు దారిలో మజిలీ కావాలి. పోటు తీసినప్పుడు బయటపడే బురద మేటలో పురుగులు, గుల్లలు తిని మళ్ళీ కొవ్వు కూడబెట్టుకుంటాయి. గోదావరి మొగల్లోని మడ అడవులు, వాటిని ఆనుకున్న బురద మేటలు అలాంటి చోట్లు. గౌతమికి ఆవలి వైపున్న కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. ఆ పరిసరాలకు వచ్చే అతిథుల్లో గ్రేట్ నాట్ ఒకటి.

మజిలీ పోతే ఏమవుతుందో ఈ గ్రేట్ నాట్ కథే చెబుతుంది. దక్షిణ కొరియాలో సేమన్‌గుమ్ అనే చోట 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి, 2006లో విశాలమైన బురద మేటలను సముద్రం నుంచి వేరు చేశారు. అంతకుముందు అక్కడ దిగుతుండిన వేలాది గ్రేట్ నాట్‌లు పక్క తీరాలకు మారి బతికిన దాఖలాలు పరిశోధకులకు దొరకలేదు. అవి చలికాలం గడిపే ఆస్ట్రేలియాలోనూ లెక్క తగ్గింది. 2015లో ఈ జాతిని ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు.

3. ఎదురీత: పులస

సముద్రంలో విలస లేదా ఇలస అని పిలిచే చేపే గోదావరిలోకి ఎదురెక్కాక పులస అవుతుంది. గుడ్లు పెట్టడానికి దానికి మంచినీరు కావాలి. వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో, ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబరు వరకు, అది నదిలోకి ప్రవేశిస్తుంది.

ఈ ప్రయాణంలో దూరం కన్నా కష్టమైనది నీటి మార్పు. ఉప్పునీటిలో చేప శరీరం నుంచి నీరు బయటికి పోతుంటుంది. అందుకని అది సముద్రపు నీటిని తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. మంచినీటిలో ఇది తారుమారవుతుంది. ఒంట్లోకి చొరబడే నీటిని మూత్రపిండాలు బయటికి పంపాలి, మొప్పలు నీటిలోని లవణాలను పట్టుకోవాలి. శరీరం పనితీరునే మార్చుకుంటూ, వరద తీసేలోగా, ప్రవాహానికి ఎదురీదాలి.

దారిలో రెండు అడ్డంకులున్నాయి. మొదటిది వల. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఉన్న సీమలో, గుడ్లతో ఉన్న చేపకే గిరాకీ ఎక్కువ. రెండోది ఆనకట్ట. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. పులస ఎగువ దారిని మాత్రం కుదించింది. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక కూడా ఇదే జరిగింది. అంతకుముందు ఇదే చేప అలహాబాదు దాటి పైకి వెళ్ళేది.

4. తీరానికి రాక: ఆలివ్ రిడ్లే తాబేలు

ఆడ తాబేలు ఒడ్డుకెక్కి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. అవి సముద్రం మీది వెలుగును గుర్తుపట్టి అటు పరుగెడతాయి. తీరంలో విద్యుద్దీపాలు ఉంటే దారి తప్పి లోపలికి వస్తాయి.

ఈ తాబేళ్ళు ఎంత దూరం తిరుగుతాయో ఒక ఉదాహరణ చూడండి. 2021 మార్చిలో ఒడిశా తీరంలో గుర్తింపు బిళ్ళ వేసిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. ఆ దారి సుమారు 3,500 కిలోమీటర్లు.

తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దీనికి మొదటి షెడ్యూలులో అత్యున్నత రక్షణ ఇచ్చింది. అయితే ఒక చిక్కుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది ప్రధానంగా చేపల సంతానోత్పత్తి కోసం పెట్టింది. మన తీరంలో తాబేళ్ళు ఎక్కువగా వచ్చేది జనవరి, మార్చిల మధ్య. అంటే అవి ఒడ్డుకు చేరే రోజుల్లో వేట జోరుగా సాగుతుంటుంది.

5. ప్రయాణాల్లోని పోలిక, మన బాధ్యత

పిట్టకు గడువు మంచు కరగడం, పులసకు వరద. తాబేలుకు గుడ్లు పొదిగే ఇసుక వేడి కీలకం. ఆ వేడిని బట్టే పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది. మూడింటికీ ఉన్న పోలిక ఏమిటంటే, ప్రయాణంలో వేల కిలోమీటర్లు క్షేమంగా గడిచినా ఒక్క మజిలీ దగ్గర దారి తెగితే మొత్తం ప్రయాణం వృథా అవుతుంది. సైబీరియాలో గూడు భద్రంగా ఉండి, ఇక్కడి బురద మేట రొయ్యల చెరువైతే, ఆ గూటికి వచ్చే పిట్టలు తగ్గుతాయి.

దీనికి మత్స్యకారుణ్ణి దోషిగా నిలబెట్టడం సులువు, కానీ న్యాయం కాదు. వేట మానిన రోజున అతని ఇంట్లో పొయ్యి వెలగాలి. బంగ్లాదేశ్‌లో అక్టోబరులో 22 రోజులు ఇదే చేప వేటను నిషేధించి, ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇస్తారు. ట్రాలర్ వలలో తాబేలు తప్పించుకునే పరికరాన్ని అమర్చవచ్చు. అందులోని ఊచల చట్రం గుండా రొయ్యలు వల చివరికి పోతాయి, తాబేలు మాత్రం చట్రానికి తగిలి పక్కనున్న సందు గుండా బయటపడుతుంది. కొంత చేప కూడా జారిపోతుందన్న మత్స్యకారుల ఆందోళన నిజమైనదే. ఆ నష్టాన్ని ఎవరు భరించాలన్నది సమాజం తేల్చుకోవలసిన ప్రశ్న.

6. సారాంశం

వలస కాలానికి కట్టుబడిన ప్రయాణం. దానికి గడువు, ఇంధనం, దారి, మజిలీ అనే నాలుగూ అవసరం. మొదటి రెండింటినీ ప్రాణి తన శరీరంతో సాధిస్తుంది. దారి, మజిలీ చాలావరకు మనిషి చేతిలో ఉన్నాయి. కోనసీమ మొగలు, బురద మేటలు, ఇసుక తీరాలు ఇలాంటి మజిలీలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మేత కోసం తిరగడానికీ వలసకూ భేదం ఏమిటి?
2. ఉప్పునీటి నుంచి మంచినీటికి మారినప్పుడు పులస శరీరంలో వచ్చే మార్పులను వివరించండి.
3. సేమన్‌గుమ్ ఉదాహరణ ఆధారంగా మజిలీ ప్రాధాన్యాన్ని చర్చించండి.
4. వేట నిషేధ కాలానికీ తాబేళ్ళ రాకకూ మధ్య ఉన్న ఎడాన్ని తగ్గించడానికి, మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతినకుండా, మీరు సూచించే మార్గాలేమిటి? మీ దగ్గరి రేవులో కనీసం ఇద్దరు మత్స్యకారులతో మాట్లాడిన తరువాతే ఈ సమాధానం రాయండి.