వచ్చారన్న సంగతి కూడా రహస్యమే

నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గర చెప్పుకున్న మాటలు బయటికి పొక్కకూడదని అందరికీ తెలుసు. అసలు నా దగ్గరికి వచ్చారన్న సంగతే బయటపడకూడదు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ ఒక్క ముక్క చాలు, కుదరబోయే పెళ్లి ఆగిపోవడానికి. ఇదివరకు గది తలుపు మూస్తే సరిపోయేది. ఇప్పుడు ఫోనుకీ తలుపు వేయాలి.

"నా ఫ్రెండ్ రిక్వెస్టు తీసుకోలేదేంటి మేడమ్?" అని ఓ అమ్మాయి నొచ్చుకుంది.

"తీసుకుంటే మీ పిన్ని నా పేరు చూస్తుందమ్మా. ఈవిడ నీకెలా తెలుసు అంటే ఏం చెబుతావు?" అన్నాను.

అందుకే మొదటి రోజే నియమాలు కాగితం మీద పెట్టి చదివి వినిపిస్తాను. సోషల్ మీడియాలో స్నేహాలుండవు. మీ పేజీలు నేను వెతికి చూడను. వాట్సాప్ అపాయింట్‌మెంటు కోసమే. క్లినిక్ ఫోనులోని నంబర్ల జాబితా చూసే అనుమతి ఏ యాప్‌కీ ఇవ్వను. ఇస్తే నా దగ్గరికొచ్చే వాళ్లనే ఆ యాప్ ఒకరికొకరు తెలిసినవాళ్లుగా చూపించవచ్చు. గూగుల్‌లో ఎవరైనా తిడుతూ రివ్యూ రాసినా జవాబివ్వను. "ఆ రోజే మీకు చెప్పాను కదా" అన్నానంటే ఆయన వచ్చారని ఊరందరికీ నేనే చాటినట్టు.

నన్ను బాగా బాధపెట్టేవి మా వృత్తివాళ్లే కొందరు పెట్టే కేసు కథల రీల్స్. పేరు మార్చామంటారు. బ్యాంకు ఉద్యోగం, కవల పిల్లలు, దుబాయ్‌లో భర్త అని చెప్పాక ఆ వీధివాళ్లకి పేరెందుకు? ఆవిడ సరేనన్నారంటారు. తనకు వైద్యం చేస్తున్నవాళ్లే అడిగితే కాదనగలదా?

వీడియో కౌన్సెలింగ్ వల్ల మేలెంతో ఉంది. బస్సెక్కి రాలేని పల్లెటూరి తల్లి కూడా నాతో మాట్లాడగలుగుతోంది. కాకపోతే ముందు అడగాల్సినవి అడుగుతాను: ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా వింటున్నారా, కాల్ తెగితే ఏ నంబరుకి చేయాలి, ఆపద వస్తే ఎవరిని పిలవాలి?

యాప్‌ల సంగతీ, కంప్యూటర్లలో దాచే నోట్సు సంగతీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. కౌన్సెలింగ్ కోసం వచ్చినవాళ్ల ఈమెయిల్ అడ్రస్‌లను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందన్న అభియోగం మీద అమెరికాలో బెటర్‌హెల్ప్ సంస్థ 2023లో 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఫిన్లండ్‌లో వాస్తామో అనే సంస్థ నుంచి కౌన్సెలింగ్ నోట్సు దొంగిలించినవాడు 2020లో నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టి, డబ్బివ్వకపోతే బయటపెడతానని బెదిరించాడు.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ పక్షాన ఉంది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ వివరాలు గానీ వారి సమ్మతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ ఈ రక్షణ వర్తిస్తుంది.

కాబట్టి మొహమాటపడకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా? నా నోట్సు ఎక్కడ దాస్తారు? ఎవరెవరు చూస్తారు? మనసు బాగా కుంగి, అపాయింట్‌మెంటు దాకా ఆగలేననిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను అడగమన్న ప్రశ్నలకు విసుక్కునేవాళ్ల దగ్గర మాత్రం మనసు విప్పకండి.