మస్కెటీర్ల కత్తుల చాటున దర్బారు

అలెగ్జాండర్ డ్యూమా నవల ‘త్రీ మస్కెటీర్స్’ 1844లో పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ మాత్రం అంతకు రెండు వందల ఏళ్ల ముందు, ఫ్రాన్స్‌ను పదమూడో లూయీ ఏలుతున్న 1625-28 నాటిది. కత్తియుద్ధాల కోసం చేతిలోకి తీసుకున్నా, ఆనాటి దర్బారు ఎలా నడిచేదో ఈ పుస్తకం చాలా బాగా చెబుతుంది. ఎంతవరకు నమ్మాలో తెలిసుంటే చాలు.

మొదట్లోనే డ్యూమా మనల్ని రాజుగారి అంగరక్షక దళమైన మస్కెటీర్ల కెప్టెన్ ట్రెవిల్ ఇంటికి తీసుకెళ్తాడు. మెట్ల నిండా సిపాయిలు, ముందుగది నిండా పని కావలసినవాళ్లు. గాస్కనీ నుంచి వచ్చిన కథానాయకుడు డార్టన్యాన్‌కు ఉన్న ఆధారం తండ్రి రాసిచ్చిన సిఫార్సు ఉత్తరం ఒక్కటే. అదీ దారిలోనే చోరీ అవుతుంది. పేద జమీందారీ ఇంటి కుర్రాడికి బతుకుదెరువు ఎవరి ఆశ్రయంలో దొరికేదో ఈ ఒక్క ఘట్టం చాలు తెలియడానికి. (చరిత్రలో ట్రెవిల్ కెప్టెన్ అయింది 1634లో. కథ కోసం డ్యూమా ఆయన్ని ముందుకు జరిపాడు.)

ఆ దర్బారులో రాజు గదిలోకి తేలిగ్గా వెళ్లగలవాడే బలవంతుడు. రాజమాత మరీ, రాణి ఆన్, రాజు తమ్ముడు గాస్తోఁ, మంత్రి కార్డినల్ రిషెల్యూ, వీళ్లలో ఎవరి పరివారం వారిది, ఎవరి వేగులు వారికి. మస్కెటీర్లూ కార్డినల్ భటులూ వీధిలో కొట్టుకోవడం ఆ లోపలి పోటీకి బయటి రూపమే. రిషెల్యూకు సొంత భటులు దొరికింది 1626లో, ఆయన్ని చంపడానికి కుట్ర జరిగిందని బయటపడ్డాక. ఆ కేసులో తల పోగొట్టుకున్న షాలే అనే యువకుడు రాజుగారి దుస్తుల వ్యవహారం చూసే అధికారి. రాజు ఒంటికి అంత దగ్గరగా మసలేవాడు మంత్రి పతనానికి పన్నాగం పన్నాడంటే అక్కడ చనువు ఎంత విలువైనదో, ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు.

నవలలో ముఖ్యమైన కథ రాణి వజ్రాలది. రాజు ఇచ్చిన వజ్రాలను ఆమె ఇంగ్లండ్ మంత్రి బకింగ్‌హామ్‌కు కానుకగా ఇస్తుంది. అవి పెట్టుకుని నాట్యోత్సవానికి రమ్మని రాజు చేత చెప్పిస్తాడు రిషెల్యూ. ఇది ప్రేమకథగానే కనిపిస్తుంది. కానీ ఆన్ ఫ్రాన్స్‌కు ప్రత్యర్థి అయిన స్పెయిన్ రాజుకు స్వయానా అక్క. 1615లో పెళ్లయినా 1638 దాకా ఆమెకు సంతానం లేదు. అప్పటిదాకా సింహాసనానికి తర్వాతి వారసుడు గాస్తోఁ. అందుకే ఆమె ఎవరితో మాట్లాడింది, ఎవరికి ఉత్తరం రాసింది అన్నవి రాజ్య వ్యవహారాలైపోయాయి. బకింగ్‌హామ్ 1625లో పారిస్ రావడం, రాణితో చొరవగా ప్రవర్తించి రచ్చ కావడం నిజంగా జరిగినవే. వజ్రాల సంగతి మాత్రం ఆనాటి ఒక ప్రభువు స్మృతుల్లో కనిపించే కథ, దాన్ని చరిత్రగా తీసుకోలేం. స్పెయిన్‌కు ఆమె రహస్యంగా రాసిన ఉత్తరాలను రిషెల్యూ పట్టుకున్నది 1637లో.

నవలలో ద్వంద్వయుద్ధం నిత్యవిలాసం. అసలు కాలంలో దానిపై 1626లో కఠినమైన శాసనం వచ్చింది. మరుసటి ఏడాది దాన్ని ధిక్కరించి పారిస్ నడిబొడ్డున పోరాడిన బూత్‌విల్ అనే ప్రభువుకు, ఎంత గొప్ప వంశమైనా, శిరచ్ఛేదమే జరిగింది. ప్రాణం తీసే హక్కు రాజుకు తప్ప ప్రభువులకు లేదని రిషెల్యూ అలా తేల్చాడు.

రిషెల్యూను డ్యూమా మన జానపద సినిమాల్లోని దుష్టమంత్రి పోలికలో చూపించాడు. ఇక్కడ నవలను నమ్మకూడదు. 1630 నవంబరులో రాజమాత ఆయన్ని తొలగించమని పట్టుబట్టింది. ఆయన పని అయిపోయిందనుకుని దర్బారంతా ఆమె చుట్టూ చేరింది. మర్నాడే రాజు రిషెల్యూను వెర్సాయ్‌కి పిలిపించి పదవిలో నిలబెట్టాడు. కొద్ది నెలలకే రాజమాత దేశం విడిచి వెళ్లింది.

నవల చూపు తిప్పుకున్న చోటు ఇంకొకటుంది. రాజు సైన్యం లా రోషెల్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు డార్టన్యాన్, అతని ముగ్గురు మస్కెటీర్ మిత్రులు బురుజు మీద కూర్చుని ధైర్యంగా ఫలహారం చేసే ఘట్టం పాఠకులందరికీ ఇష్టం. అదే ముట్టడిలో ఊరి గోడల లోపల జనం ఆకలితో చచ్చిపోయారు. దాదాపు 27,000 మంది ఉన్న పట్టణంలో 1628 అక్టోబరులో లొంగిపోయే నాటికి మిగిలింది సుమారు 5,000 మంది. నవల పూర్తయ్యాక ఈ ముట్టడి చరిత్రను తప్పకుండా చదవండి.