ఇరుసు మీద ఎంత?

బిలాస్‌పూర్ తెలిపారాలో ఒక మేడమీది గది అనుకుందాం. బల్ల మీద ఒక కుర్రవాడు నమూనా రైలు పట్టాలు పరిచాడు. మధ్యలో అర్పా నది, దాని మీద అట్టముక్కలతో కట్టిన వంతెన. తాత రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చాడు. ఈ ఊళ్ళో అలాంటి తెలుగు కుటుంబాలు ఎన్నో.

"తాతా, మన వంతెన మీద ఏ ఇంజనైనా పోతుంది. చూడు, కొంచెం కూడా వంగలేదు."

"వంగదురా. అందుకే నువ్వే ఆపాలి."

ఆ మాటలో ఉన్న విజ్ఞానాన్ని 1638లోనే గెలీలియో తన గ్రంథంలో వివరించాడు. నమూనా రైళ్ళలో ఎక్కువమంది వాడే కొలత 1:87. పొడవు 87వ వంతుకు తగ్గితే గర్డర్ అడ్డుకోత వైశాల్యం 7,569వ వంతుకు తగ్గుతుంది. బరువు మాత్రం 6,58,503వ వంతుకు పడిపోతుంది. బలం తగ్గినదానికంటే బరువు 87 రెట్లు ఎక్కువ తగ్గిందన్నమాట. ఈ లెక్కన 123 టన్నుల డబ్ల్యూఏజీ-9 కరెంటు ఇంజను బల్ల మీదికి వచ్చేసరికి 187 గ్రాములు, ఓ మామిడికాయంత. అట్టవంతెన దాన్ని నవ్వుతూ మోస్తుంది. నమూనా నిజంలా ఉండాలంటే నిజమైన వంతెన హద్దును మనమే లెక్కగట్టి దానికి కట్టుబడాలి.

ఆ లెక్కలో మొదట అడగాల్సినవి రెండు. ఒక్కో ఇరుసు పట్టా మీద ఎంత మోపుతోంది? ఒక్కో మీటరు పొడవున ఎంత భారం నిలుస్తోంది? చిన్న వంతెన మీద ఒకేసారి రెండు మూడు ఇరుసులే నిలుస్తాయి కనుక దానికి మొదటి ప్రశ్న ముఖ్యం. పొడవాటి గర్డర్‌కు రెండోది ముఖ్యం. డబ్ల్యూఏజీ-9కు ఆరు ఇరుసులు, ఒక్కోదాని మీద 20.5 టన్నులు. దాని పొడవు 20.56 మీటర్లు, అంటే మీటరుకు 6 టన్నులు. ఇప్పుడు కోర్బా బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ చూడండి. ఇరుసుకు 20.32 టన్నుల చొప్పున నింపితే మొత్తం 81.28 టన్నులు. పొడవు 10.71 మీటర్లే. మీటరుకు 7.6 టన్నులు! ఇంజనే బరువైనదని మనం అనుకుంటాం. పెద్ద గర్డర్‌కు మాత్రం వెనకాల వచ్చే బొగ్గే ఎక్కువ భారం.

ఆవిరి రోజుల్లో ఈ ఇరుసు లెక్క ఇంజన్ల ఎదుగుదలకు అడ్డుగోడ అయింది. ఎక్కువ బరువు లాగాలంటే పెద్ద బాయిలరు కావాలి. బాయిలరు పెరిగితే ఇరుసుల మీద బరువు పెరుగుతుంది. అది వంతెన ఒప్పుకోదు. పోనీ చక్రాలు పెంచుదామంటే పొడవాటి బండి మలుపులు తిరగదు. ఈ ముడిని విప్పిన ఇంజనీరు హెర్బర్ట్ విలియం గ్యారట్. 1864లో పుట్టిన ఆయన 1907లో ఒక కొత్త ఇంజనుకు పేటెంటు కోరాడు.

ఆ ఊహను మన పల్లకీతో పోల్చవచ్చు. ముందు బోయీలు, వెనక బోయీలు, నడుమ పల్లకీ. పల్లకీ కింద ఎవరి కాళ్ళూ ఉండవు. గ్యారట్ ఇంజనులో చక్రాలు, సిలిండర్లతో కూడిన ఇంజను భాగం ముందొకటి, వెనకొకటి ఉంటాయి. బాయిలరు ఆ రెంటి నడుమ వేలాడుతుంది. రెండు భాగాలూ కీలు మీద విడివిడిగా తిరుగుతాయి కాబట్టి మలుపులు సులువు. బాయిలరు కింద చక్రాలు లేవు కాబట్టి దాన్ని లావుగా చేయవచ్చు, మంటగదిని లోతుగా పెట్టవచ్చు. వంతెనకు జరిగే మేలు ఇంకా పెద్దది. బరువంతా ఒకేచోట గుమిగూడకుండా రెండు గుంపులుగా దూరంగా పరుచుకుంటుంది. చిన్న వంతెన మీద ఒకసారి ఒక గుంపే నడుస్తుంది, రెండోది వచ్చేలోపు మొదటిది దాటిపోతుంది.

మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కర్మాగారం 1909లో టాస్మానియాకు రెండడుగుల గేజి మీద నడిచే మొదటి గ్యారట్‌ను చేసింది. గ్యారట్ 1913లోనే కన్నుమూశాడు. తన ఊహ ఎంత పెద్దదవుతుందో ఆయన చూడలేదు. దాన్ని పెద్దది చేసినవాటిలో బిలాస్‌పూర్ మీదుగా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకటి. 1925లో రెండు గ్యారట్లు తెచ్చి చూసింది. 1929లో ఎన్ తరగతి ఇంజన్లు పదహారు తెప్పించింది. ఒక్కోటి సుమారు 234 టన్నులు. అంత బరువైనా పన్నెండు ఇరుసుల మీద సర్దుకోవడంతో సగటున ఇరుసుకు 20 టన్నుల లోపే పడింది. అదే బరువును ఎనిమిది ఇరుసుల మీద పెట్టి ఉంటే ఒక్కోదాని మీద 29 టన్నులు దాటేది. ఆ తరగతిలోని 815వ నంబరు ఇంజను ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. దాని పక్కన నడిస్తే బాయిలరు కింద ఖాళీ కళ్ళకు కనిపిస్తుంది.

ఇరుసు బరువొక్కటే తెలిస్తే చాలదు. ఆవిరి ఇంజను చక్రాలకు కట్టిన తూకపు దిమ్మలు ప్రతి చుట్టులోనూ పట్టాను సుత్తితో కొట్టినట్టు కొడతాయి. ఈ దెబ్బను కొలవడానికి బ్రిటన్ 1923లో వంతెనల మీద ఒత్తిడిని పరిశీలించే కమిటీ వేసింది, 1928లో నివేదిక వచ్చింది. కరెంటు ఇంజనుకు ఆ సుత్తిదెబ్బ లేదు. అయినా కదిలే బరువు నిలిచిన బరువు కంటే గట్టిగానే తాకుతుంది. మన రైల్వే వంతెనల నియమాల ప్రకారం 10 మీటర్ల ఉక్కు గర్డర్‌కు 65 శాతం, 44 మీటర్లదానికి 31 శాతం అదనంగా కలిపి లెక్కగట్టాలి. గర్డర్ పొట్టిదైన కొద్దీ దెబ్బ ఎక్కువ. పాత వంతెన దగ్గర లోకో పైలట్‌కు వేగం తగ్గించమని కాషన్ ఆర్డర్ ఇవ్వడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇంజన్లు తరతరానికీ మారతాయి. వంతెన ఒకసారి కడితే వందేళ్ళు నిలవాలి. 1926 నాటి ప్రమాణం ఇరుసుకు 22.9 టన్నులు. 1987లో అది 25 అయింది. సరుకు రవాణాకే వేసిన కొత్త ప్రత్యేక మార్గాల వంతెనలను 32.5 టన్నులకు కట్టారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 56 కనుల హావ్‌లాక్ వంతెన 1900 నుంచి రైళ్ళను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. కట్టిననాడు ఊహించని బండ్లను ఎన్నిటినో ఆ గర్డర్లు దాటించాయి.

గ్యారట్ నేర్పిన పాఠం ఈనాటికీ బిలాస్‌పూర్ జోన్‌లో నడుస్తోంది. 2022 ఆగస్టు 15న ఇక్కడి అధికారులు కోర్బా నుంచి 'సూపర్ వాసుకి' అనే బొగ్గు రైలును నడిపారు. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, సుమారు 27,000 టన్నులు. వింటే వంతెనలు ఏమైపోతాయోనని గుండె ఝల్లుమంటుంది. 27,000ను 3,500 మీటర్లతో భాగించండి. మీటరుకు 7.7 టన్నులే, మామూలు బొగ్గు రైలుతో దాదాపు సమానం. 45.7 మీటర్ల గర్డర్ మీద ఏ క్షణాన చూసినా సుమారు 350 టన్నులే ఉంటాయి. పరుచుకున్న బరువు వంతెనను భయపెట్టదు.

మళ్ళీ తెలిపారా బల్ల దగ్గరికి వద్దాం. తాత, మనవడు లెక్క మొదలుపెట్టారు. మన రైల్వేలో ప్లేట్ గర్డర్ ప్రామాణిక పొడవుల్లో ఒకటి 24.4 మీటర్లు. 87తో భాగిస్తే 28 సెంటీమీటర్లు. వంతెన ఆ కొలతకు సరిపోయింది. ఇది పాత శాఖామార్గపు వంతెన అనుకుని ఇరుసుకు 19 టన్నుల హద్దు పెట్టుకున్నారు. 112.8 టన్నుల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుకు ఆరు ఇరుసులు, ఒక్కోదానికి 18.8. అది నెమ్మదిగా దాటింది. తర్వాత డబ్ల్యూఏజీ-9 వచ్చింది. దానిది 20.5.

కుర్రవాడు స్విచ్చి తిప్పాడు. అట్టవంతెన తేలిగ్గా మోయగల ఆ 187 గ్రాముల ఇంజను, వంతెనకు జానెడు దూరంలో ఆగింది.