చీటీ అందితే పాట

వేదిక ముందు ఇసుకేస్తే రాలనంత జనం. ఆ తలల మీదుగా ఓ కాగితం ముక్క చేతులు మారుతూ ముందుకొస్తుంది. మడత పెట్టిన చీటీ. లోపల ఓ పాట పేరు, ఆ పాట ఎవరికోసమో వాళ్ల పేరు. అకార్డియన్ మెడకు తగిలించుకున్న పెద్దాయన వంగి అందుకుంటాడు. విప్పి చదువుతాడు. తమ్ముళ్లవైపు తిరిగి ఓ మాట చెబుతాడు. పాట మొదలవుతుంది. అది ముగిసేలోపు మరో పది చీటీలు పోగుపడతాయి. కచేరీ మూడు గంటలు దాటినా, నాలుగు దాటినా ఆ చీటీలను పక్కన పెట్టి వెళ్లిపోవడం వాళ్లకు ఇష్టం ఉండదు.

ఆ పెద్దాయన హోర్హె ఎర్నాండెస్. ఆ బృందం లోస్ టిగ్రెస్ డెల్ నోర్టె. అంటే ఉత్తరాది పులులు. అర్ధ శతాబ్దానికి పైగా మెక్సికోలోనూ, అమెరికాలోని మెక్సికన్ల ఇళ్లలోనూ ఈ పేరు తెలియని మనిషి దొరకడం కష్టం. బృందమంటే ఎక్కడెక్కడి వాళ్లో కలిసిన గుంపు కాదు. హోర్హె, ఎర్నాన్, ఎడ్వార్డో, లూయిస్ తోడబుట్టినవాళ్లు. డ్రమ్స్ వాయించే ఆస్కార్ లారా వాళ్ల బంధువు.

సొంతూరు సినలోవా రాష్ట్రంలో, మొకొరిటో దగ్గరున్న రోసా మొరాడా. చిన్న పల్లె. 1968లో కాలిఫోర్నియాలోని సోలిడాడ్ జైల్లో మెక్సికన్ ఖైదీల ముందు పాడే అవకాశం దొరికి, ఈ కుర్రాళ్లు సరిహద్దుకు వచ్చారు. ఒక్కరికీ ఇరవై నిండలేదు. బృందానికి అప్పటికి పేరే లేదు. ఇమిగ్రేషన్ అధికారి ఒకాయన వీళ్లను చూసి ముచ్చటపడి ‘పులి పిల్లలు’ అన్నాడట. ఎలాగూ పెరుగుతాం కదా, పులులమే అవుదాం అనుకున్నారు. వెళ్తున్నది ఉత్తరానికి. పేరు అలా కుదిరింది.

వెళ్లినవాళ్లు శాన్ హోజేలో ఆగిపోయారు. ఇవాళ ఆ ఊరి పేరు చెబితే మనకు సాఫ్ట్‌వేర్ కంపెనీలు, అక్కడ కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలు గుర్తొస్తాయి. అప్పట్లో ఆ లోయ నిండా పండ్ల తోటలు, పండ్లను డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలు. వాటిలో చెమటోడ్చేవాళ్లలో మెక్సికన్లు వేలల్లో ఉండేవారు. వాళ్లకోసం స్పానిష్ రికార్డులు వేసిన ఆర్ట్ వాకర్ మాత్రం ఇంగ్లండ్ మనిషి! ఆయన డిస్కోస్ ఫామా కంపెనీయే ఈ అన్నదమ్ముల తొలి రికార్డులు తెచ్చింది. హోర్హెకు అకార్డియన్ పాఠాలు చెప్పించిందీ, బృందం చేతికి ఎలక్ట్రిక్ బేస్ గిటార్, పూర్తి డ్రమ్ సెట్ వచ్చేలా చూసిందీ ఆయనే.

వీళ్లు పాడే కొరీదో అంటే కథ చెప్పే పాట. 1910 తర్వాత, మెక్సికో విప్లవం రోజుల్లో ఏ దళం ఎక్కడ గెలిచిందో, ఎవరిని కాల్చి చంపారో పల్లెలకు మోసుకెళ్లింది ఈ పాటలే. తేదీ, ఊరు, మనిషి పేరు ముందు చెప్పేసి కథలోకి దిగుతారు. బుర్రకథ విన్న చెవికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. అకార్డియన్, దానితోపాటు పోల్కా నడక 19వ శతాబ్దంలో టెక్సాస్ వైపు వచ్చి స్థిరపడిన జర్మన్లు, చెక్‌ల నుంచి అందాయి. పక్కన బాహో సెక్స్‌టో అనే పన్నెండు తీగల గిటార్ తాళం పడుతుంది. ఎర్నాండెస్ సోదరులు ఈ పాత వంటకంలోకి కుంబియా, బొలేరో, రాక్ కలిపారు. రికార్డుల్లో తుపాకీ చప్పుళ్లు, పోలీసు సైరన్లు కూడా పెట్టారు.

డెబ్బైల్లో ఓ పాట వీళ్ల జాతకం మార్చేసింది. ఏంజెల్ గొన్జాలెస్ రాసిన ‘కొంట్రబాండో ఇ ట్రైసియోన్’. ఎమిలియో, కమేలియా అనే ఇద్దరు కారు టైర్లలో గంజాయి దాచి సరిహద్దు దాటిస్తారు. సరుకు అప్పగించి డబ్బు చేతికొచ్చాక, నీ వాటా నువ్వు తీసుకో, నేను నా ప్రియురాలి దగ్గరికి పోతున్నానంటాడు ఎమిలియో. ఏడు గుళ్లు పేలతాయి. పోలీసులకు తుపాకీ దొరుకుతుంది. డబ్బూ దొరకదు, కమేలియా జాడా తెలియదు. మగాళ్ల వీరగాథలకే అలవాటుపడ్డ పాటలో ఓ ఆడది తుపాకీ పట్టడం జనాన్ని ఉర్రూతలూగించింది. స్మగ్లర్ల కథలు పాడే కొరీదోలకు దారి తెరిచిందీ ఈ పాటే. ఆ దారి ఎంత దూరం పోయిందో తర్వాత చెప్పుకుందాం.

నా మటుకు నాకు వీళ్లను గొప్పవాళ్లను చేసింది కమేలియా కాదు. ‘లా హౌలా డె ఓరో’. తెలుగులో చెప్పాలంటే బంగారు పంజరం. రాసిన ఎన్రికె ఫ్రాంకో కూడా మెక్సికో నుంచి శాన్ హోజే చేరినవాడే. 1980ల నాటి పాట ఇది. కాగితాలు లేకుండా అమెరికా వచ్చి పదేళ్లయిన మనిషి గోడు. పనుంది, డబ్బుంది, పెళ్లాం పిల్లలున్నారు. పోలీసుల భయంతో వీధిలోకి రావాలంటే జంకు. పిల్లలు స్పానిష్ మరిచిపోయారు. పాట మధ్యలో సంగీతం నడుస్తుండగానే తండ్రి కొడుకును అడుగుతాడు, మన దేశానికి వెళ్లిపోదామా నాన్నా అని. తండ్రి అడిగింది స్పానిష్‌లో, కొడుకు బదులిచ్చేది ఇంగ్లిషులో. నేను రానంటే రాను అంటాడు. తండ్రి ఇంకేమీ అనడు. మళ్లీ పాట అందుకుంటాడు.

ఈ రెండు మాటల కోసం ఆ పాటను ఎన్నిసార్లయినా వినొచ్చు. కొడుకు గొంతులో పొగరు లేదు. వాడు పెరిగిన ఊరు వాడికి సొంతూరు, అంతే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవడితో ఫోన్లో మాట్లాడుతూ, వాడి ఇంగ్లిషు అర్థంకాక కోడలికి ఫోనివ్వమనే తాతయ్యలు మన ఊళ్లలో ఎంతమంది లేరు! కాకపోతే మనవాళ్లలో ఎక్కువమంది వీసా చేతపట్టుకుని విమానమెక్కారు. ఆ పాటలోని తండ్రికి ఆ ధైర్యం కూడా లేదు.

1986 ఇమిగ్రేషన్ చట్టంతో దాదాపు 27 లక్షల మందికి అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హక్కు దక్కింది. పులుల పాటలు వాళ్ల వెంటే నడిచాయి. ‘గ్రాసియాస్! అమెరికా సిన్ ఫ్రాంటెరాస్’ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి మూడు సరిహద్దులు దాటిన మనిషి కథను ‘ట్రెస్ వేసెస్ మొహాడో’లో పాడారు. మెక్సికన్ శ్రోతల ముందు సాల్వడార్ వాడి కష్టం పాడటం, అతణ్ని తమలో ఒకడిగా కలుపుకోవడం చిన్న విషయం కాదు. టిహువానాలో హత్యకు గురైన పత్రికా రచయిత మీద పాడారు. హువారెస్‌లో వరుసగా చంపబడ్డ ఆడపిల్లల మీద పాడారు. 2014లో తోటి అమ్మాయిని ప్రేమించిన అమ్మాయి కథ పాడారు.

ఈ అన్నదమ్ములు పాటలు రాసింది తక్కువ, ఏరుకున్నది ఎక్కువ. పౌలినో వర్గాస్, ఫ్రాంకో, టియోడోరో బెయ్యో లాంటి రచయితల నుంచి తమ జనానికి ఏది కావాలో పసిగట్టి తీసుకోవడమే వాళ్ల ప్రతిభ.

స్మగ్లర్లను హీరోలు చేశారన్న మాట మాత్రం వీళ్లను వదల్లేదు. ఆ ఆరోపణలో నిజం లేకపోలేదు. 1997 నాటి ‘హెఫె డె హెఫెస్’ ఓ డాన్ గర్వంగా చెప్పుకునే గొప్పలే. మాదకద్రవ్యాల ముఠాల మధ్య నలిగి బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆ పాట వింటే ఏమనుకుంటుంది? 2012లో ‘లా రెయినా డెల్ సుర్’ పాడినందుకు చివావా నగరం వీళ్ల కచేరీలను నిషేధించింది. అయితే అధికారులకు మంట పుట్టించింది స్మగ్లర్ల పాటలొక్కటే కాదు. 2009లో వచ్చిన ‘లా గ్రాన్హా’ పశువుల కొట్టం కథలా వినిపిస్తూ ప్రభుత్వం డ్రగ్స్ మీద సాగించిన యుద్ధాన్ని ఎండగట్టింది. మెక్సికో సిటీలో అవార్డుల వేడుకలో ఆ పాట పాడొద్దన్నారు. అయితే మేమూ రామని ఇంట్లో కూర్చున్నారు. అలా కూర్చున్నందుకే నాకు వాళ్లంటే గౌరవం పెరిగింది.

కుటుంబమన్నాక పొరపొచ్చాలూ ఉంటాయి. 1996లో సోదరుడు రావుల్ బృందం విడిచి తన దారిన పాడుకోవడానికి వెళ్లాడు. లూయిస్ వచ్చి చేరాడు. అయినా కలిసి చేసిన మంచి పనులూ ఉన్నాయి. 2000లో సోదరులు తమ ఫౌండేషన్ తరఫున లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 5 లక్షల డాలర్లిచ్చారు. తమ విగ్రహాలకు కాదు. క్రిస్ స్ట్రాక్‌విట్జ్ దశాబ్దాలపాటు పోగేసిన పాత మెక్సికన్ గ్రామఫోన్ రికార్డులను కంప్యూటర్లకెక్కించి, పాడుకాకుండా కాపాడటానికి.

ఇన్నేళ్లయినా జనం తగ్గలేదు. 2019 మార్చిలో హ్యూస్టన్ రోడియో కచేరీకి 75,586 మంది వచ్చారు. కొద్దిరోజుల ముందు ర్యాపర్ కార్డీ బీ నెలకొల్పిన రికార్డు కన్నా సరిగ్గా ఆరుగురు ఎక్కువ.

అంతకుముందు ఏడాది వాళ్లు కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైలుకు వెళ్లారు. 1968లో, అన్నదమ్ములు సరిహద్దు దాటిన ఏడాదే, గాయకుడు జానీ క్యాష్ అక్కడ ఖైదీల ముందు పాడి రికార్డు చేశాడు. ఆ యాభయ్యేళ్ల గుర్తుగా ఆయన పాటను స్పానిష్‌లో పాడారు. ఆ కచేరీని చిత్రీకరించారు; అందులో పాటకూ పాటకూ మధ్య ఖైదీల మాటలూ వినిపిస్తాయి. ఏ తప్పు చేసి వచ్చారో, బయట ఎవరు ఎదురుచూస్తున్నారో కెమెరా ముందు వాళ్లే చెప్పుకున్నారు. మగవాళ్ల జైలు దగ్గరే ఆగలేదు. పక్కనున్న ఆడవాళ్ల జైలుకూ అకార్డియన్, బాహో సెక్స్‌టో మోసుకెళ్లారు. ఎత్తైన కంచె లోపల, ఎండలో నిలబడ్డ ఆ ఆడవాళ్ల పెదాలు పాటతోపాటే కదిలాయి. పదాలన్నీ వాళ్లకు నోటికి వచ్చు.